సంఘమను మాట: సోషలిజమునకు, కమ్యూనిజమునకు గల భేదము

సూర్యాపేటనుండి విజయవాడకు పోవు బాటను తూర్పుగా సాగినచో కొలది మైళ్లలో చివ్వెంల ప్రాంతము వచ్చును. నేడది సూర్యాపేట జిల్లాలోని ఒక మండలము. 2016 అక్టోబరునకు పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. ఇంకను వెనుకకు పోయినచో నిజాము ప్రభువుల ఏలుబడిలోని సూర్యాపేట తాలూకాలోనిది. ఆ తాలూకా పల్లెలలో 1940 నుండి 1951 వరకు జరిగిన అలజడిని పెద్దలు చెప్పునపుడు సోషలిజమని గాని, కమ్యూనిజమని గాని సాధారణముగా అనరు. "సంఘము" అందురు. సభ్యులైనవారికి చిన్న చీటీ ఇచ్చెడివారు గనుక "చిట్ల సంఘము" అనియు, జనము చేత గుత్పలు పట్టి నిలిచిరి గనుక "గుత్పల సంఘము" అనియు ఆ కాలమున పేరు వచ్చినది. ఆ సంఘము ఆంధ్ర మహాసభ. దాని పగ్గములు చేతబట్టినవారు కమ్యూనిస్టులు. అది చేసిన పని మాత్రము దున్నువానికి భూమి ఇచ్చుట. అట్లయిన ఆ పనికి ఏ పేరు పెట్టవలెను? అది సోషలిజమా, కమ్యూనిజమా, లేక రెండును కాని వేరొకటియా? ఈ ప్రసంగమున మేము ఆ రెండు మాటల భేదమును గ్రంథములలో మాత్రమే గాక, ఈ తాలూకా నేలపై కూడ పెట్టి చూడదలచితిమి.

ముందుగా మన భాషలోని చిక్కును విప్పుకొనవలెను. తెలుగు పత్రికలును, పుస్తకములును ఈ రెండింటికి సామ్యవాదము, సమాజవాదము, సమసమాజము, సమష్టివాదము అని పలు పేర్లు వాడినవి. ఒకరు సామ్యవాదమని కమ్యూనిజమును అనగా, మరియొకరు సోషలిజమును అనిరి. 1976లో 42వ సవరణచే మన రాజ్యాంగ పీఠికలో చేర్చబడిన మాటను తెలుగున "సామ్యవాద" అని వ్రాయుచున్నాము. అచ్చట అది సోషలిజమే గాని కమ్యూనిజము కాదు. ఆ మాటను తొలగింపవలెనన్న పిటిషన్లను సుప్రీము కోర్టు 2024 నవంబరులో త్రోసిపుచ్చినది. ఈ చిక్కు తప్పించుకొనుటకై మేము ఇచ్చట సోషలిజము, కమ్యూనిజము అను వాడుక మాటలనే గ్రహించుచున్నాము.

ఈ రెండు మాటలును పంతొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలో పుట్టినవి. మార్క్సు, ఏంగెల్సులు 1848లో ప్రకటించిన ప్రణాళికకు కమ్యూనిస్టు అను పేరే పెట్టిరి. సోషలిస్టు అని ఏల పెట్టలేదో నలువది సంవత్సరముల పిమ్మట, 1888లో, ఏంగెల్సు ఒక పీఠికలో వివరించెను. ఆ కాలమున సోషలిస్టులనబడినవారు పెక్కుమంది మంచి మనసుగల మధ్యతరగతి సంస్కర్తలు. కమ్యూనిస్టులన్న పేరు కార్మికులలో పుట్టినది. అనగా మొదట ఈ రెండింటికి గల భేదము సిద్ధాంతముకన్న ఎక్కువగా, ఎవరి నోట ఆ మాట పలికినదన్న భేదము.

సిద్ధాంతభేదము 1875లో స్పష్టమైనది. ఆ యేట మార్క్సు జర్మను కార్మికపక్షపు కార్యక్రమమును విమర్శించుచు, పెట్టుబడిదారీ విధానమునకు తరువాత వచ్చు సమాజమునకు రెండు మెట్లు కలవని చెప్పెను. రెండింటికిని ఆయన వేర్వేరు పేర్లు పెట్టలేదు. మొదటి మెట్టునకు సోషలిజమనియు, రెండవ మెట్టునకు కమ్యూనిజమనియు వ్యవహరించు ఆచారమును స్థిరపరచినది 1917లో లెనిన్ వ్రాసిన గ్రంథము.

ఈ రెండు మెట్లను మన కల్లములోనికి తెచ్చి చూతము. ఒక ఊరి పొలమంతయు ఊరందరిదనుకొనుడు. కోత అయినది. రాశి కల్లమున నున్నది. ఇద్దరు మనుష్యులు సరిసమానముగ పనిచేసిరి. ఒకరికి ఇంట అయిదుగురు పిల్లలు. వేరొకరు ఒంటరి. విత్తనమునకు, ఎద్దుల మేతకు, ముసలివారికి, రోగులకు కొంత తీసి వేరుగా పెట్టి, మిగిలిన ధాన్యమును చేసిన పనినిబట్టి ఇద్దరికి సమానముగా కొలిచినచో అది మొదటి మెట్టు, సోషలిజము. దొర వాటా అందులేదు. కాని అయిదుగురు పిల్లలుగల ఇంట గింజలు ముందుగా అయిపోవును. సమానమైన కొలతయే అచ్చట అసమానమైనది. పని శక్తి కొలది చేసి, ధాన్యము అవసరము కొలది తీసికొనిపోవు రోజు వచ్చినచో అది రెండవ మెట్టు, కమ్యూనిజము. అట్లు తీసికొనిపోవుటకు రాశి తరుగనంత పెద్దది కావలెను. కొలుచువాడును, కావలివాడును అక్కరలేనంతగా మనుష్యుల మనసులు మారవలెను. అందుచేతనే ఆ మెట్టున ప్రభుత్వమన్నది కూడ క్రమముగా రాలిపోవునని వారి నమ్మకము.

ఇది ఒక భేదము. గమ్యములోని మెట్ల భేదము. రెండవది మార్గభేదము. 1917 రష్యా విప్లవమునకు పిమ్మట ప్రపంచమందలి కార్మికపక్షములు చీలినవి. ఎన్నికలు, చట్టసభలు, కార్మికసంఘములు, పౌరహక్కులు వీని ద్వారానే సోషలిజమును సాధింపవలెనన్నవారు సోషలిస్టులుగా నిలిచిరి. పాతరాజ్యయంత్రమును కూల్చి, ఒక క్రమశిక్షణగల పక్షపు నాయకత్వమున శ్రామికవర్గపు అధికారమును స్థాపింపవలెనన్నవారు కమ్యూనిస్టులైరి. మన దేశమున 1934లో కాంగ్రెసునందే కాంగ్రెసు సోషలిస్టు పక్షమేర్పడినది. జయప్రకాశ్ నారాయణ్ దాని ప్రముఖ నాయకుడు. కమ్యూనిస్టులు కొంతకాలము అందులోనే పనిచేసిరి, 1940లో వెలివేయబడిరి. డాక్టరు రామమనోహర్ లోహియా మరింత దూరము పోయి, కాంగ్రెసును, కమ్యూనిజమును రెండింటిని తోసిపుచ్చు మూడవ సోషలిజమును బోధించెను. ఆయన సోషలిస్టు పార్టీ 1955 చివర హైదరాబాదులోనే అవతరించినది.

గమ్యమందు భేదము, మార్గమందు భేదము ఇట్లున్నవి. ఇక సూర్యాపేట తాలూకాకు వత్తము.

అచ్చట నాడున్నది పెట్టుబడిదారీ విధానమైనను కాదు. కర్మాగారములు లేవు, కార్మికులు లేరు. జాగీర్దారులు, దేశముఖులు, వారి గడీలు, గడీల చుట్టు వెట్టిచేయు పల్లెలు ఉండెను. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి వృత్తివారు ఆ వృత్తిలో దొరకు కూలిలేని ఊడిగము చేయవలెను. నాగులకు తెచ్చిన గింజలు కల్లమునకు వచ్చుసరికి రెట్టింపుకు దగ్గరయ్యెడివి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లెవీ ధాన్యము దీనికి తోడైనది. "నీ బాంచన్, కాల్మొక్త" అన్నది ఆనాటి నిత్యపు పలుకు. సూర్యాపేట తాలూకాలోని ఎర్రపహాడు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి భూమి లక్షన్నర ఎకరములని ఉద్యమ నాయకులు వ్రాసిరి. అంత భూమి ఒకరి పేర నున్నచోట, సోషలిజము ఏ మెట్టున నున్నదని అడుగుటకు ముందు, మెట్లున్న చోటికి చేరుటయే ఒక పెద్ద ప్రయాణము.

ఆ ప్రయాణమునకు పూనుకొన్నది ఆంధ్ర మహాసభ. 1930లో జోగిపేటలో మొదలై, తెలుగు భాషకొరకు, పాఠశాలలకొరకు, గ్రంథాలయములకొరకు పాటుపడిన సభ అది. 1941లో నేటి సూర్యాపేట జిల్లాలోనే గల చిలుకూరునందు జరిగిన మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. 1944లో భువనగిరి మహాసభకు మరల ఆయనయే అధ్యక్షుడు. అచ్చట సభ్యత్వపు రుసుము తగ్గింపబడినది. మితవాదులు వేరుపడిరి. కూలివాడు, కౌలుదారు సభ్యులు కాగలిగిరి. చీటీ వారి చేతికి వచ్చినది. 1946 జులై 4న జనగామ తాలూకా కడివెండిలో దేశముఖు మనుష్యుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలియైన పిమ్మట వెట్టిచాకిరిపై తిరుగుబాటు పల్లె పల్లెకు ప్రాకినది. సూర్యాపేట తాలూకా అందు ముందు వరుసలో నుండెను. కరివిరాలకు చెందిన భీమిరెడ్డి నరసింహారెడ్డి దళములకు నాయకుడాయెను. ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యము పాటతోను, తుపాకితోను పల్లెలు తిరిగెను. సూర్యాపేటలో విద్యార్థి వసతిగృహము నడపిన ధర్మభిక్షము పట్టణమున ఉద్యమమునకు నిలువెత్తు నిదర్శనమాయెను.

వారు భూమిని ఏమిచేసిరి? ఈ ప్రశ్నకు సమాధానముననే మా ప్రసంగపు సారమున్నది. వారు భూమిని ఉమ్మడిచేయలేదు, పంచిరి. అక్రమముగా లాగికొన్న పొలములను మొదట రైతులకు తిరిగి ఇప్పించిరి. బంజరులను, అడవి పోరంబోకులను భూమిలేనివారికి ఇచ్చిరి. పిమ్మట దొరల భూములకు పరిమితి పెట్టిరి. ఆ పరిమితి మొదట 500 ఎకరములు, తరువాత 200, తుదకు ఖుష్కి 100 ఎకరములు, తరి 10 ఎకరములు అని పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి తన గ్రంథమున వ్రాసెను. దాదాపు మూడువేల గ్రామములలో పది లక్షల ఎకరములు పంచబడినవని ఉద్యమపు లెక్క. పొలము పొందినవాడు దానిని తన సొంత పొలముగా దున్నుకొనెను, తన గాదెలో గింజలు పోసికొనెను. పైన చెప్పిన కల్లపు కొలతలతో చూచినచో ఇది సోషలిజము కాదు, కమ్యూనిజము అంతకన్నను కాదు. ఫ్రాన్సు రైతు 1789 తరువాత కోరినదానికి ఇది చాల దగ్గర. చేసినవారు కమ్యూనిస్టులు, చేసినది కమ్యూనిజము కాదు.

ఇది మేము ఇప్పుడు కనిపెట్టినది కాదు. ఆ పక్షమునందే 1948లో ఈ విషయముపై గొప్ప వాదము చెలరేగినది. ఆ యేటి కలకత్తా మహాసభలో ప్రధాన కార్యదర్శియైన బి.టి. రణదివె ప్రజాస్వామ్య విప్లవమును, సోషలిస్టు విప్లవమును ఒకదానితో ఒకటి పెనవేసికొనియే సాగునని వాదించెను. ఆంధ్ర కమిటీ నాయకులు అది ఒప్పుకొనలేదు. చైనా మార్గమును చూపి, మన దేశమున ముందుగా పోవలసినది భూస్వామ్యము, విదేశాధిపత్యము, కనుక సోషలిజము తరువాతి మెట్టు. ధనిక రైతును ఇప్పుడే శత్రువుగా నెంచరాదు అనిరి. ఆరుగాలము దున్ని, నాలుగెకరములు సంపాదించిన రైతు శత్రువా, మిత్రుడా అన్నది పుస్తకములోని ప్రశ్న కాదు. ఊరిలో ఎవరి ఇంట దళమునకు అన్నము దొరకునో, ఎవరి తలుపు మూయబడునో తేల్చు ప్రశ్న. రెండు మాటల భేదముపై ప్రాణము లాధారపడియుండిన కాలమది.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యములు హైదరాబాదు రాష్ట్రమున ప్రవేశించెను. అయిదు దినములలో నిజాము పాలన ముగిసెను, రజాకారుల పీడ తొలగెను. పోరు మాత్రము ఆగలేదు. గడీలు వదలి పోయిన దొరలు కొందరు తిరిగివచ్చిరి. పంచిన భూమిని నిలుపుకొనుటకై ఆయుధము పట్టియుండవలెనని ఒకరు, నిజాము పోయిన పిమ్మట జనము యుద్ధము కోరుట లేదని వేరొకరు వాదించిరి. రావి నారాయణరెడ్డి పోరు విరమింపవలెనన్న పక్షమున నిలిచెను. ఉద్యమములో నాలుగువేలమంది చనిపోయిరని సుందరయ్య లెక్క. 1951 అక్టోబరు 21న సాయుధపోరాటము విరమింపబడినది.

కొలది నెలలలోనే తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చినవి. హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టు పక్షముపై నిషేధముండుటచే వారు ప్రజాస్వామ్య సంఘటన పేర పోటీచేసిరి. నల్లగొండ లోకసభ స్థానమున రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చినవి. దేశమందు ఆ ఎన్నికలలో మరెవ్వరికిని, ప్రధానియైన జవాహర్‌లాల్ నెహ్రూకు సైతము, అన్ని ఓట్లు రాలేదు. సూర్యాపేటనుండి ధర్మభిక్షము శాసనసభకు ఎన్నికయ్యెను. తుపాకిని దించినవారు బ్యాలెటు పెట్టెను చేపట్టిరి. మార్గమునుబట్టియే సోషలిస్టు, కమ్యూనిస్టు అని వేరుచేయు పద్ధతి ఆ రోజున కొంత తబ్బిబ్బైనది.

అదే 1951లో, పోరు ఇంకను సాగుచుండగా, అదే నల్లగొండ జిల్లాలో మూడవ మార్గ మొకటి పుట్టినది. ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఆచార్య వినోబా భావేను హరిజనులు 80 ఎకరములు కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు దానమిచ్చెను. భూదానోద్యమ మట్లు మొదలైనది. కాంగ్రెసు సోషలిస్టు పక్షమును నిర్మించిన జయప్రకాశ్ నారాయణ్ 1954లో బుద్ధగయయందు తన జీవితమునే ఆ ఉద్యమమునకు అర్పించుచున్నట్లు ప్రకటించెను. ఒక జిల్లాలో కమ్యూనిస్టులు లేవనెత్తిన ప్రశ్న ఒక సోషలిస్టును సర్వోదయమువైపు నడపినది.

నాలుగవ మార్గము చట్టము. 1949లో జాగీరులు రద్దయినవి. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చెను. 1955 జనవరిలో ఆవడియందు కాంగ్రెసు సోషలిస్టు తరహా సమాజమే తన లక్ష్యమని తీర్మానించినది. మరుసటి నెలలో ఆంధ్రరాష్ట్ర శాసనసభకు జరిగిన ఎన్నికలలో కమ్యూనిస్టులు 196 స్థానములలో 15 మాత్రమే గెలిచిరి. ఆ ఓటమికి కారణములు పెక్కు. వానిలో, ప్రత్యర్థియే సోషలిజమన్న మాటను చేపట్టుట యొకటి. 1959 జనవరిలో నాగపూరులో కాంగ్రెసు ఇంకొక అడుగు వేసి, సహకార సమష్టి వ్యవసాయము రావలెనని తీర్మానించినది. ఆచార్య రంగా దానిని తీవ్రముగా ప్రతిఘటించి, రాజాజీతో కూడి ఆ యేటనే స్వతంత్ర పక్షమును నెలకొల్పెను.

ఈ వింతను శ్రోతలు గమనింతురుగాక. సూర్యాపేట తాలూకాలో కమ్యూనిస్టులు పొలమును ముక్కలుచేసి రైతుకు సొంతముచేసిరి. నాగపూరులో కాంగ్రెసువారు రైతుల పొలములను కలిపి దున్నింపదలచిరి. పుస్తకపు కొలతతో చూచినచో రెండవదియే సోషలిజమునకు దగ్గర. ఇంకొక లెక్క చూడుడు. దళములు పెట్టిన తుది పరిమితి ఖుష్కి 100 ఎకరములు. 1973లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన భూసంస్కరణల చట్టము అయిదుగురున్న కుటుంబమునకు భూమి తరగతినిబట్టి మెట్ట 35 నుండి 54 ఎకరములవరకే అనుమతించెను. కాగితముపై చట్టమే కఠినము. కాని చట్టము వచ్చుచున్నదని తెలిసిన భూస్వామి బంధువుల పేర, నౌకర్ల పేర భూమి వ్రాయుటకు వ్యవధి దొరకును. ఆనాటి పల్లెలో ఆ వ్యవధి లేదు. అచ్చట అమలుచేసినది ఊరి జనమే. అందుకు వారు చెల్లించిన మూల్యము కూడ పెద్దదే.

ప్రపంచమున ఏమైనదో ఒక మాట చెప్పి ముగింతుము. సోవియటు రాజ్యము 1936 రాజ్యాంగమున తన్ను సోషలిస్టు రాజ్యమనియే చెప్పుకొన్నది. 1961లో వారి పక్షము 1980 నాటికి కమ్యూనిజమునకు పునాది వేయుదుమని వాగ్దానముచేసినది. 1980 వచ్చి పోయినది, కమ్యూనిజము రాలేదు. 1991లో ఆ రాజ్యమే విచ్ఛిన్నమాయెను. చైనా 1950లో రైతులకు భూమి పంచి, 1958లో దానిని కమ్యూనులలో కలిపి, 1978 తరువాత మరల కుటుంబములకు సాగుకు ఒప్పగించినది. కమ్యూనిస్టు పక్షములు ఏలిన దేశములు కలవు గాని, తాను కమ్యూనిజమును చేరితినని చెప్పుకొని నిలిచిన రాజ్యము లేదు. కనుక కమ్యూనిజమన్నది గమ్యపు పేరు, కమ్యూనిస్టు అన్నది ప్రయాణికుని పేరు. ఆ ప్రయాణికుడు దారిలో ఎక్కడ దిగెనో, ఎచ్చట ఆగెనో వేరుగా విచారింపవలెను. సోషలిజమన్న మాటకో, ఆవడి తీర్మానము మొదలు రాజ్యాంగ పీఠికవరకు, కొన్నిచోట్ల కొలత, కొన్నిచోట్ల ఆకాంక్ష, కొన్నిచోట్ల అలంకారము.

ఇకమీదట ఎవరైన ఈ మాటలు పలికినపుడు మూడు ప్రశ్నలు వేయవచ్చును. భూమి, యంత్రము ఎవరివి కావలెననుచున్నారు? వచ్చిన పంటను పనినిబట్టి కొలుతురా, అవసరమునుబట్టియా, లేక పెట్టుబడినిబట్టియా? అచ్చటికి ఓటుతో పోవుదురా, దెబ్బలాటతో పోవుదురా, దానముతోనా? ఈ మూడింటికి సమాధానము దొరికిన పిమ్మట పేరు ఏదైనను మనము మోసపోము. సమాధానము దొరకనపుడు పేరు ఎంత పెద్దదైనను అందు గింజ లేదు.

ఈ మూడు ప్రశ్నలను 1948 నాటి సూర్యాపేట తాలూకా రైతును అడిగినచో అతడు మొదటిదానికి మాత్రమే జవాబు చెప్పగలిగియుండును. నేను దున్నినది నాది కావలెనని. తక్కిన రెండు ప్రశ్నలు ఆనాడు అతని గడప త్రొక్కలేదు. వెట్టి పోయినది, కాల్మొక్కుట పోయినది, కొందరికి పొలము దక్కినది, కొందరికి దక్కి జారినది. దానికి సోషలిజమనిగాని, కమ్యూనిజమనిగాని పేరుపెట్టి పెద్దదిగ చేయనక్కరలేదు, చిన్నదిగ చేయను వలదు. ఆ పల్లెలవారు పెట్టిన పేరే దానికి సరియైన కొలత. ఒంటరిగా ఒక్కడు దొర యెదుట నిలువలేడు, నలుగురు కలిసినచో నిలువవచ్చును అన్నది దాని అర్థము. వారు దానిని సంఘమనిరి.